రంగు నేలది, పుట్టుక వేరు: గోదావరి తీరంలో తోడేలు సాలీళ్లను పోల్చుకోవడం ఎలా

క్లుప్తంగా

సముద్రపు ఇసుకలో, ఉప్పు మడుల గట్ల మీద, పోటుకు ఉప్పునీరు ఎక్కే పర్ర నేలల్లో తిరిగే తోడేలు సాలీళ్లు చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి. కళ్ల అమరికను బట్టి వాటి కుటుంబం చెప్పవచ్చు. తల ఆకారం, కాళ్లు, గూడు చూసి ప్రజాతిని, అంటే దగ్గరి జాతులన్నీ చేరే గుంపును, అంచనా వేయవచ్చు. జాతి పేరు మాత్రం ఎదిగిన సాలీడు జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప తేలదు. ఒంటి రంగు చాలావరకు అది బతికే నేలను బట్టి ఏర్పడినది కాబట్టి, ఫొటో చూసి పెట్టే పేర్లలో తప్పులు ఎక్కువ. డెల్టా అంచుల్లో ఉప్పు లోపలికి జరుగుతున్న ఈ రోజుల్లో ఏ సాలీడు చేనిది, ఏది తీరానిది అన్న ప్రశ్నకు విలువ పెరిగింది.

మెరిసే కళ్లు

అంతర్వేది దగ్గర గానీ ఓడలరేవు దగ్గర గానీ అమావాస్య రోజుల్లో పొద్దుపోయాక తీరానికి వెళ్లి, టార్చిలైటును కణత పక్కన కంటి ఎత్తున పట్టుకుని ఇసుక మీదికి వేస్తే అక్కడక్కడ పచ్చని చుక్కలు మెరుస్తాయి. మంచు బొట్లేమో అనిపిస్తుంది. వెలుగు పక్కకు జరపకుండా దగ్గరికి వెళ్తే, చుక్క ఉన్నచోట వేలిగోరంత సాలీడు కాళ్లు పరచుకుని ఇసుకకు అతుక్కుపోయి ఉంటుంది. లైటు చేత్తో కిందికి పట్టుకుంటే ఆ మెరుపు కనిపించదు. కంటి వెనకున్న అద్దం లాంటి పొర వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. చూసేవారి కన్ను ఆ దారిలో ఉండాలి.

ఇవి తోడేలు సాలీళ్లు. శాస్త్రజ్ఞులు లైకోసిడే అని పిలిచే కుటుంబం. గ్రీకులో లైకోస్ అంటే తోడేలు. వీటిలో ఎక్కువ భాగం వల పన్ని కూర్చోవు, నేల మీద తిరిగి వేటాడతాయి. ఆ పేరు అందుకే వచ్చింది. తోడేళ్లలా గుంపుగా మాత్రం తిరగవు, ఎవరి వేట వారిదే. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన సాలీడు జాతులు 2022లో 50,000 దాటాయి. అందులో తోడేలు సాలీళ్లవి 2,400కు పైనే.

చేతిలో ఫోను ఉన్న ప్రతివారూ ఇప్పుడు ఫొటో తీసి ఇదేమిటని అడుగుతున్నారు. వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు టరాంటులా అంటారు, ఒకరు విషపు సాలీడు అంటారు, ఒక ఆప్ అమెరికా తీరంలో ఉండే జాతి పేరు చూపిస్తుంది. టరాంటులా అన్న మాటలో కొంత చరిత్ర ఉంది. ఇటలీలోని టరాంటో పట్టణం పేరు మీదుగా ఆ మాటను మొదట మోసింది ఒక తోడేలు సాలీడే. ఇవాళ ఆ పేరుతో పిలిచే బొద్దు వెంట్రుకల సాలీళ్లు పూర్తిగా వేరే కుటుంబం. విషం సంగతికొస్తే, తోడేలు సాలీడు కరిస్తే కాసేపు నొప్పి, వాపు ఉండవచ్చు కానీ మనిషి ప్రాణానికి ముప్పు లేదు.

ముందు కుటుంబం తేల్చాలి

చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లు. తోడేలు సాలీడులో అవి మూడు వరుసల్లో ఉంటాయి. కింద, కోరల పైన, నాలుగు చిన్న కళ్లు. వాటి పైన ఎదురుగా చూసే రెండు పెద్ద కళ్లు. ఇంకా వెనక, తల పైభాగాన రెండు మధ్యస్థం కళ్లు. సాలీడు ముఖం ఎదురుగా కనిపించేలా తీసిన ఒక్క ఫొటో ఉంటే కుటుంబం నిమిషంలో తేలిపోతుంది. జనం తీసే ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రెండో గుర్తు తల్లి. ఆడ తోడేలు సాలీడు గుడ్ల సంచిని గుండ్రని ఉండలా అల్లి, ఒంటి చివర దారం తీసే మొటిమలకు అతికించుకుని ఈడ్చుకు తిరుగుతుంది. సంచి చుట్టూ నడుమున కుట్టు లాంటి గీత ఉంటుంది. సమయం వచ్చినప్పుడు తల్లే ఆ కుట్టు కొరికి విప్పుతుంది. పిల్లలు బయటికి వచ్చి తల్లి వీపెక్కి, అక్కడి ప్రత్యేకమైన వెంట్రుకలను పట్టుకుని కొన్ని రోజులు అలాగే ఉంటాయి. వీపు మీద పిల్లల మూటతో కనిపించిన సాలీడు తోడేలు సాలీడే, ఇందులో పొరపాటుకు తావు లేదు.

పొరపాటు పడేది మిగతా సమయాల్లో. కాలువ ఒడ్డున, మడ వేళ్ల మీద కనిపించే చేపల సాలీళ్లు ఇలాగే పొడుగు కాళ్లతో, గోధుమ రంగుతో ఉంటాయి. అవి సంచిని వెనక కట్టుకోవు, కోరలతో పట్టుకుని ఛాతీ కింద మోస్తాయి. ఇళ్లలో గోడ మీద అరచేయంత వెడల్పున కనిపించే పెద్ద సాలీడు బిళ్ల లాంటి చదునైన సంచిని ఒంటి కింద పెట్టుకుంటుంది, దాని కళ్లు రెండు వరుసలే. గెంతే సాలీళ్లకు ముందు వరుసలోని మధ్య కళ్లే పెద్ద దీపాల్లా ఉంటాయి. సంచి ఎక్కడుందో, పెద్ద కళ్లు ఏ వరుసలో ఉన్నాయో చూస్తే ఈ నాలుగింటినీ విడదీయవచ్చు.

పోటు గీత నుంచి వరిచేను దాకా

గోదావరి డెల్టా తీరాన్ని సముద్రం నుంచి లోపలికి నడుస్తూ చూస్తే నేల అంచెలంచెలుగా మారుతుంది. ఒక్కో అంచెలో సాలీళ్ల బతుకు ఒక్కో తీరు. గుర్తింపులో సగం పని ఇక్కడే జరుగుతుంది, ఎందుకంటే సాలీడు ఏ అంచెలో దొరికిందన్నది దాని ఒంటి మచ్చల కంటే నమ్మదగిన సమాచారం.

మొదటిది అల తడిపే ఇసుక. పగలు అక్కడ సాలీడు నిలవదు. రాత్రి పాటు సమయంలో నీరు దిగినప్పుడు కొన్ని వేటకు దిగి, పోటు తిరిగేసరికి పైకి వెళ్లిపోతాయి. దాని పైన కొట్టుకొచ్చిన చెత్త గీత ఉంటుంది. వేరే తీరాల్లో అది ఎక్కువగా సముద్రపు నాచు. ఇక్కడ నది కడలిలో కలిసే మొగల దగ్గర మాత్రం కాలువల నుంచి గోదారిలోకి, గోదారి నుంచి కడలిలోకి పోయి మళ్లీ ఒడ్డుకు చేరిన గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు, తాటి కాయలు కనిపిస్తాయి. ఆ కుళ్లిన చెత్తలో ఈగలు, చిన్న చిన్న గెంతుడు పురుగులు పుట్టి పెరుగుతాయి. సాలీడుకు అది వంటిల్లు. ఎండిన గుర్రపుడెక్క ముద్దను మెల్లగా తిరగేస్తే అడుగున చల్లని తడిలో సన్నకాళ్ల సాలీళ్లు నాలుగు పక్కలకూ పరుగెత్తుతాయి.

ఆ పైన ఇసుక తిన్నెలు. రావణాసురుడి మీసాలు, బాలబంద తీగ అల్లుకున్న చోటు. బొరియలు తవ్వుకునే సాలీళ్లకు ఇది తగిన నేల. బొరియ కనిపించగానే పీతదో సాలీడుదో తెలుసుకోవడం సులువే. పీత తవ్విన ఇసుకను ఉండలుగా చేసి గుమ్మం ముందు విసనకర్రలా వెదజల్లుతుంది, లోపలి గోడ ఉత్త ఇసుక. సాలీడు బొరియ నోరు చిన్నది, వేలు కూడా దూరదు. అంచు చుట్టూ పట్టుదారంతో ఇసుక రేణువులు అతికించిన సన్నని ఉంగరం ఉంటుంది. గడ్డిపోచతో ఆ అంచును తాకితే రేణువులు రాలిపోవు, గుడ్డ అంచులా కలిసి కదులుతాయి. పొడి ఇసుకలో ఈ పట్టు అస్తరు లేకపోతే బొరియ ఒక్క పూట కూడా నిలవదు.

తిన్నెల వెనక సరుగుడు తోటల నీడ. అక్కడ రాలిన సూదుల్లాంటి ఆకుల కింద వేరే సాలీళ్లు, నల్లబారిన రంగుతో. అవతల పర్ర. పెద్ద పోటుకు ఉప్పునీరు ఎక్కి, ఎండకు ఆరి, తెల్లగా చౌడు పొర పేరుకునే బయలు. ఇలకూర లాంటి ఉప్పును తట్టుకునే మొక్కలు తప్ప మరొకటి మొలవదు. ఉప్పు మడుల గట్లూ ఈ కోవలోవే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మడిలో ఉప్పు పేరే వేళకు అది 250 గ్రాములు దాటుతుంది. అలాంటి నీటి పక్కన ఎండలో మండే గట్టు మీద సాలీడు బతకడం వింతగా అనిపించినా, నీటి అంచున మూగే ఈగలు దానికి మేత.

కోరింగ వైపు అయితే పర్ర తర్వాత మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో సాలీడును పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఇంకా లోపలికి వస్తే రొయ్యల చెరువుల గట్లు, ఆ వెనక వరిచేలు. కోనసీమలో కొన్ని చోట్ల ఈ వరుస మొత్తం గంట నడకలో పూర్తవుతుంది. ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని రకాల నేలలు ఉండటం వల్లే చేను సాలీడు, తీర సాలీడు ఒకే సీసాలో, ఒకే పేరు కింద చేరిపోతుంటాయి.

ఇసుక అందరికీ ఒకే చొక్కా తొడుగుతుంది

వేటాడే జీవికి ఇద్దరి కళ్లు తప్పించుకోవడం అవసరం: అది తినేవాటివి, దాన్ని తినేవాటివి. తీరంలో దాన్ని తినడానికి ఉల్లంకి పిట్టలు, పీతలు, సాలీళ్లను వేటాడే కందిరీగలు ఉన్నాయి. గోదావరి మొగల దగ్గరి ఇసుక ఒట్టి తెలుపు కాదు, బూడిద గోధుమ రంగులో నల్లని బరువైన ఖనిజపు రేణువులు చారలుగా కలిసి ఉంటాయి. ఆ నేల మీద బతికే సాలీడు వంశం ఏదైనా, తరతరాల ఎంపికలో బూడిద, గోధుమ, నలుపు మచ్చలు కలిసిన పైపొర వైపే జరుగుతుంది. కాళ్ల మీద కట్లుకట్లుగా నల్లని పట్టీలు ఉంటే కాలి గీత చెదిరి ఇసుకలో కలిసిపోతుంది. వేర్వేరు వంశాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే రూపానికి చేరతాయి.

దీనికి వ్యతిరేక దిశలోనూ చిక్కు ఉంది. ఒకే జాతి సాలీడు తిన్నె మీద లేత రంగుతో, పర్రలో ముదురు రంగుతో కనిపించవచ్చు. ఎదిగే కొద్దీ మచ్చలు మారతాయి. కుబుసం విడిచిన కొత్తలో రంగు తేట, రోజులు గడిచేకొద్దీ వెంట్రుకలు రాలి ఒళ్లు బోసిపోతుంది. మగదీ ఆడదీ పక్కపక్కన పెడితే రెండు జాతులనిపించవచ్చు. అంటే రంగు వేరైతే జాతి వేరనీ చెప్పలేం, రంగు ఒకటైతే జాతి ఒకటనీ చెప్పలేం. రంగు చెప్పేది నేల సంగతి.

ప్రజాతి దాకా దారి

కుటుంబం తేలాక తర్వాతి మెట్టు ప్రజాతి. ఇక్కడ ఆకారం, అలవాటు పనికొస్తాయి.

పార్డోసా ప్రజాతి సాలీళ్లు చిన్నవి, చురుకైనవి. తల భాగం ఎత్తుగా, ముఖం పక్కలు గోడల్లా నిట్టనిలువుగా ఉంటాయి. కాళ్లు సన్నం, వాటి మీది ముళ్లు పొడుగు. బొరియల్లో కూర్చోవు, ఎప్పుడూ పరుగులో ఉంటాయి. డెల్టా రైతులు చూసేది ఎక్కువగా వీటినే. వరిలో ప్రసిద్ధమైనది పార్డోసా సూడోఆన్యులేటా, వీపు ముందుభాగం మీద పంగలకర్ర లాంటి గుర్తు ఉంటుంది. వరి రసం పీల్చే సుడిదోమను తినే సహజ శత్రువుల్లో దీనిది ముందు వరుస. వరి దుబ్బు మొదట్లో, నీటికి రెండంగుళాల పైన, దోమ ఉండే చోటే ఇదీ ఉంటుంది. నీటి మీద కూడా పరుగెత్తగలదు.

హిప్పాసా తోడేలు సాలీళ్లలో దారి తప్పిన బంధువు. ఇది వల కడుతుంది. పొద్దున్నే చేను గట్ల మీద, గడ్డిలో మంచు పట్టి తెల్లని గుడ్డ ఆరేసినట్టు కనిపించే చదును వల, దాని ఒక మూల గరాటులా లోపలికి పోయే గొట్టం ఉంటే అది చాలావరకు హిప్పాసాదే. ఒంటి చివర దారం తీసే మొటిమల్లో వెనక జత తోకల్లా పొడుగ్గా బయటికి కనిపిస్తుంది. గరాటు వల కట్టే మరో కుటుంబం కూడా ఉంది గనక, గొట్టంలోంచి తొంగిచూసే ముఖంలో కళ్ల వరుసలు చూసుకోవాలి.

ఆర్క్టోసా ఇసుక మనిషి. ఐరోపాలో, అమెరికాలో సముద్రతీరపు తోడేలు సాలీడు అనగానే గుర్తొచ్చే ప్రజాతి ఇదే. ఒళ్లు చదునుగా, తల పెద్దగా ఎత్తు లేకుండా, వెంట్రుకలు తక్కువై నున్నగా ఉంటుంది. కాళ్ల నిండా మచ్చలు. ఈ ప్రజాతికి చెందిన జాతులు భారతదేశంలోనూ నమోదయ్యాయి. ఆప్‌లు అమెరికా తీరపు ఆర్క్టోసా లిట్టోరాలిస్ పేరు చూపించడానికి కారణం వాటికి నేర్పిన ఫొటోల్లో ఎక్కువ భాగం అక్కడివి కావడమే. ప్రజాతి అంచనా దగ్గరగా ఉండవచ్చు, జాతి పేరును మాత్రం ఇక్కడి సాలీడుకు తగిలించకూడదు.

వాడికోసా గురించి తీరంలో వెతికేవారు తప్పక తెలుసుకోవాలి. 1985లో వేరే ప్రజాతిగా గుర్తింపు పొందేదాకా ఇందులోని సాలీళ్లు పార్డోసాల్లోనే లెక్కకు వచ్చేవి. చూపుకు పార్డోసాలానే ఉంటాయి. నీటి ఒడ్డు, వాగు ఇసుక వీటికి ఇష్టం. వాడికోసా ఫిడెలిస్ కెనరీ దీవుల నుంచి ఆగ్నేయాసియా దాకా పరచుకున్న జాతి. తీరంలో దొరికిన చురుకైన చిన్న సాలీడును చూసి పార్డోసా అని రాసేస్తే పొరబడే వీలుంది.

మిగిలింది లైకోసా. పెద్దవి, బొరియల్లో ఉండేవి. ఆ పేరుకు అసలు హక్కుదారులు మధ్యధరా తీరపు జాతులు. భారతదేశపు పెద్ద తోడేలు సాలీళ్లు చాలా వాటిని పాతకాలంలో ఆ పేరు కింద వేశారు, సరైన చోటికి మార్చే పని ఇంకా సాగుతోంది.

జాతి పేరు ఎక్కడ దాగి ఉంది

సాలీడు నోటి పక్కన కాళ్ల కంటే పొట్టిగా రెండు స్పర్శాంగాలు ఉంటాయి. ఎదిగిన మగ సాలీడులో వాటి కొసలు అగ్గిపుల్ల తలల్లా ఉబ్బి ఉంటాయి. వీర్యాన్ని ఆడదానికి చేరవేసేది వాటితోనే. ఆ ఉబ్బులో చిన్న కొక్కేలు, పలకలు, వంపు తిరిగిన సూది లాంటి భాగం ఇమిడి ఉంటాయి. ఆడ సాలీడు పొట్ట అడుగున గట్టిపడిన చిన్న పలక ఉంటుంది. జాతి జాతికీ ఈ రెండింటి ఆకారం మారుతుంది. ఒంటి రంగును నేల శాసిస్తుంది, ఈ అంగాల మీద నేలకు అంత పట్టు లేదు. వర్గీకరణ అంతా వీటి మీద నడవడానికి కారణం అదే.

తోడేలు సాలీళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. చేపల సాలీళ్లతో సహా ఎన్నో కుటుంబాల్లో మగ స్పర్శాంగపు మోకాలి తర్వాతి కణుపు మీద పక్కకు పొడుచుకొచ్చిన ముల్లు ఉంటుంది. తోడేలు సాలీళ్లలో ఆ ముల్లు లేదు. కళ్లు చూసి కూడా అనుమానం మిగిలితే ఇది తీర్పు చెబుతుంది.

ఆడ సాలీడు విషయంలో పైపలక ఒక్కటి చూస్తే చాలదు. దాన్ని సన్నని సూదులతో జాగ్రత్తగా విడదీసి లవంగ నూనెలో ఉంచితే కండ పారదర్శకమై, లోపలి సంచులు, వంకర నాళాలు పైకి కనిపిస్తాయి. పంటి నొప్పికి వాడే లవంగ నూనే. ఆవగింజలో సగం ఉండే ఆ ముక్కలో నాళం ఎన్ని వంపులు తిరిగిందన్నదాని మీద ఒక్కోసారి పేరు ఆధారపడుతుంది.

పిల్ల సాలీళ్లకు ఈ అంగాలు ఏర్పడి ఉండవు. తీరంలో ఏ నెలలో వెతికినా దొరికేవాటిలో ఎక్కువ శాతం పిల్లలే. వాటికి ప్రజాతి దాటి పేరు చెప్పడం ఊహే అవుతుంది. డీఎన్ఏ ముక్కను పోల్చే పద్ధతి ఇక్కడ సాయపడుతుంది కానీ, పార్డోసా లాంటి ప్రజాతుల్లో దగ్గరి జాతులు ఆ ముక్కను పంచుకున్న సందర్భాలు ఉన్నాయి. పైగా పోల్చడానికి ముందుగా సరిగ్గా గుర్తించిన నమూనా ఉండాలి. చివరికి పని మళ్లీ సూక్ష్మదర్శిని దగ్గరికే వస్తుంది.

దూరదేశాల్లో జరిగినది

ఉప్పు నేలల తోడేలు సాలీళ్ల గురించి ప్రపంచంలో బాగా తెలిసిన కథ ఆస్ట్రేలియాది. అక్కడి లేక్ ఐర్, లేక్ గైర్డ్‌నర్ లాంటి ఉప్పు సరస్సులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి, మైళ్ల కొద్దీ తెల్లని పొరగా ఉంటాయి. ఆ బోసి పొర మీదే బతికే టెట్రాలైకోసా సాలీళ్లను చాలాకాలం కొద్ది జాతులుగానే లెక్కించారు. 2017లో ఫ్రామెనౌ, హడ్సన్ ప్రజాతి మొత్తాన్ని తిరిగి పరిశీలించి 13 జాతులు తేల్చారు, అందులో 8 కొత్తవి. సముద్రతీరపు ఇసుకలో ఉండేవీ, లోపలి ఉప్పు సరస్సుల మీద ఉండేవీ ఈ ఒక్క ప్రజాతిలోనే ఉన్నాయి. సరస్సు పొర మీద శాశ్వతంగా ఉండే 8 జాతులు ఒకే మూలం నుంచి విడిపోయాయని వారి విశ్లేషణ. కొన్ని జాతులు ఒక్క సరస్సులో తప్ప మరెక్కడా తెలియవు.

గోదావరి తీరానికి ఆ కథను యథాతథంగా అన్వయించడం కుదరదు. అక్కడి సరస్సులు ఒకదానికొకటి దూరంగా, నడుమ ఎడారితో విడిపడి ఉన్నాయి. విడిపడ్డ చోట జాతులు వేరుపడతాయి. ఇక్కడ పర్రలు, మొగలు, తిన్నెలు ఒకే తీరం వెంట కలిసి ఉంటాయి. పిల్ల సాలీళ్లు గడ్డికొస ఎక్కి దారం వదిలి గాలిలో తేలిపోతాయి. 1996 నవంబరు 6 తుపానులా ఉప్పెన తీరాన్ని ఊడ్చేసినా, లోపలి నుంచీ పక్క తీరం నుంచీ అవి గాలి వాటున మళ్లీ చేరగలవు. కాబట్టి ఇక్కడ ఒక్కో మొగకు ఒక్కో జాతి ఉంటుందని ఊహించడం కంటే, విస్తారంగా పరచుకున్న కొద్ది జాతులే ఉంటాయనుకోవడం సబబు.

డెల్టాకు దగ్గరి పోలిక ఐరోపాలో దొరుకుతుంది. అక్కడ పొలాల్లో ఉండే పార్డోసా అగ్రెస్టిస్, సముద్రపు ఉప్పు బయళ్లలో ఉండే పార్డోసా పర్‌బెకెన్సిస్ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. రెండోది వేరే జాతా, మొదటిదానికే ఉప్పు నేల రూపమా అని చాలాకాలం వాదన నడిచింది. రూపంలో తేలని సంగతి మగ సాలీడు ఆడదాన్ని మెప్పించడానికి చేసే ఆటలో బయటపడింది, కదలికలు వేరు. చేనూ ఉప్పు నేలా గట్టు వారగా కలిసే డెల్టాలో ఇలాంటి జంటలు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. పర్రలో దొరికిన పార్డోసాను అలవాటుగా వరి సాలీడు అనేయడం అందుకే తొందరపాటు.

ఉప్పునూ మునకనూ తట్టుకునే తీరు

సాలీడు తాగే నీటి కంటే తినే పురుగు నుంచి తీసుకునే నీరే దానికి ముఖ్యం. ఒంటిపై మైనపు పూత నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. వ్యర్థాన్ని మూత్రంగా కాక గ్వానిన్ అనే దాదాపు పొడి పదార్థంగా విసర్జిస్తుంది. ఎడారి జీవికి పనికొచ్చే ఈ కట్టడే ఉప్పు నేలలోనూ పనికొస్తుంది. రెండు చోట్లా కొరత మంచినీటిదే.

పోటుకు మునిగితే మరో సమస్య. దట్టమైన వెంట్రుకల నడుమ గాలి పొరలా చిక్కుకుని కాసేపు ఊపిరి ఇస్తుంది. ఫ్రాన్స్ తీరపు ఉప్పు బయళ్లలో ఉండే ఆర్క్టోసా ఫుల్వోలినియాటా మీద 2009లో ప్రచురితమైన పరిశోధన ఇంకా విచిత్రమైన సంగతి చూపింది. ఎక్కువసేపు నీట ఉంచితే అది కదలిక ఆగి చచ్చినట్టే అయింది. ఆరబెట్టాక కొన్ని గంటల్లో లేచి నడిచింది. మునిగి మూర్ఛపోవడం దానికి ప్రాణరక్షణ. తీరంలో పోటు దిగాక చచ్చిన సాలీళ్లు అని ఏరి సీసాలో వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒకే సాలీడు, రెండు పేర్లు

సాలీళ్ల శాస్త్రీయ నామాలు 1757లో క్లెర్క్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడి రచనతో మొదలవుతాయి. భారతదేశపు తోడేలు సాలీళ్లపై గట్టి పునాది వేసినవారిలో మద్రాసు మ్యూజియంలో పనిచేసిన గ్రేవ్లీ ఒకరు, ఆయన వ్యాసం 1924 నాటిది. తర్వాత 1980లో టికాదర్, మల్హోత్రా భారత జంతు సర్వే తరఫున ఈ కుటుంబంపై సంపుటం వెలువరించారు. అప్పటి వివరణల్లో కొన్ని ఒక్క ఆడ సాలీడు మీదో ఒక్క మగ సాలీడు మీదో ఆధారపడినవి, బొమ్మలు చిన్నవి. 2010లో క్రోనెస్టెడ్ మన ప్రాంతపు పార్డోసాలు కొన్నింటిని విడదీసి డ్రాపోసా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. పాత జాబితాలో ఒక పేరు, కొత్త జాబితాలో మరో పేరు కనిపించడం ఇలాంటి మార్పుల వల్లే.

రైతులకు తెలిసిన ఉదాహరణ చేతిలోనే ఉంది. పాత వ్యవసాయ పుస్తకాల్లో సుడిదోమను తినే సాలీడు పేరు లైకోసా సూడోఆన్యులేటా. ఇప్పుడది పార్డోసా సూడోఆన్యులేటా. రెండు సాలీళ్లు కావు, ఒక్కటే.

డెల్టాలో ఏం మారవచ్చు

సముద్రపు నీరు లోపలికి రావడం కోనసీమకు కొత్త మాట కాదు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మోడువారాయి. రొయ్యల చెరువుల పక్క పొలాలు చౌడుబారడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. మొక్కలు మోడువారితే కంటికి కనిపిస్తుంది. నేల మీది చిన్న జీవుల్లో మార్పు అంతకంటే ముందే మొదలై ఉండవచ్చు కానీ దాన్ని లెక్కపెట్టాలంటే ఏది ఏదో తెలియాలి. చేను గట్టు మీద నిన్నటిదాకా ఉన్న సాలీడు తగ్గి పర్ర సాలీడు పెరిగినా, రెంటినీ ఒకే పేరుతో రాస్తే లెక్కలో మార్పే కనబడదు.

వరి వైపు నుంచి చూస్తే ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. పురుగుమందు ఎడాపెడా కొడితే దోమ కంటే ముందు సాలీళ్లు పోతాయి, ఆ తర్వాత దోమ మళ్లీ రెట్టింపుగా వస్తుంది. పోయిన సాలీళ్ల చోటును గట్ల మీది, బోదెల్లోని సాలీళ్లు భర్తీ చేస్తాయి. ఆ గట్టు చౌడుబారితే అక్కడుండే జాతి చేనులోకి దిగి దోమ తింటుందా అన్నది జాతిని బట్టి ఉంటుంది. తీరం కోతకు గురవుతున్న ఉప్పాడ లాంటి చోట్ల సంగతి వేరు. తిన్నె పోయి రాళ్ల కట్ట వచ్చిన చోట బొరియ తవ్వుకునే సాలీడుకు ఇసుకే మిగలదు, బండల సందుల్లో దూరే రకాలకు చోటు దొరుకుతుంది.

ఫొటో, సీసా, చీటీ

తీరంలో సాలీడు కనిపించి పేరు కావాలనుకునేవారు తీయాల్సిన ఫొటోలు మూడు: పైనుంచి ఒకటి, ముఖం ఎదురుగా కళ్లు కనిపించేలా ఒకటి, గాజు గ్లాసులో పెట్టి పొట్ట అడుగు కనిపించేలా ఒకటి. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు, జాతికి దారి తీసేది అదే. పక్కన కొలతకు రూపాయి బిళ్ల. వీటితో పాటు బొరియ గానీ వల గానీ ఉంటే దాని ఫొటో, పోటు గీతకు ఎన్ని అడుగుల దూరమో ఒక మాట.

కాలేజీ విద్యార్థులు అనుమతితో నమూనా సేకరిస్తే 70 నుంచి 80 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలో ఉంచుతారు. సీసాలో సాలీడుతో పాటే చీటీ పడాలి, బయట అంటించినది ఊడిపోతుంది. ఊరు, తేదీ, ఇసుక తిన్నా పర్రా గట్టా, పొద్దునా రాత్రా అన్నవి ఆ చీటీ మీద ఉండాలి. రాత పెన్సిల్‌తోనే, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగి పోతుంది.